స్పోర్ట్స్ కారు పక్క అద్దం దెబ్బతింటే: ఉంచుకోవాలా, మార్చాలా?

ముందు అద్దం మీద రాయి తగిలి చిన్న గుంట పడితే రెసిన్ పోసి సరిచేస్తారు. డోర్ అద్దానికీ అదే పని చేయించుకోవచ్చని చాలామంది అనుకుంటారు. కుదరదు. డోర్ అద్దానికి రిపేరు దాదాపు లేనట్టే. ఉన్నవి రెండే దారులు: అలాగే వాడుకోవడం, లేదా మార్చేయడం. ఏ దారి అన్నది దెబ్బ సైజు కంటే అది ఎక్కడ తగిలింది, ఎంత లోతుకు దిగింది అన్నదాన్ని బట్టి తేలుతుంది.

స్పోర్ట్స్ కార్లలో ఇంకో చిక్కు కూడా ఉంది. ఫోర్డ్ మస్టాంగ్, పోర్షే 911, బీఎండబ్ల్యూ జెడ్4, ఆడీ టీటీ, నిస్సాన్ జీటీ-ఆర్ లాంటి వాటిలో డోర్ తెరిచి చూస్తే అద్దం చుట్టూ చట్రం ఉండదు. అద్దం పై అంచు నేరుగా రూఫ్ బీడింగ్‌లోకి, అంటే రూఫ్ అంచున ఉండే రబ్బరు పట్టీలోకి, వెళ్లి కూర్చోవాలి. మామూలు కారులో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా చట్రం సర్దేస్తుంది. ఇక్కడ ఆ తేడా ఈల చప్పుడుగానో, వానాకాలంలో సీటు మీద తడిగానో వెంటనే బయటపడుతుంది. హైదరాబాద్ ఓఆర్‌ఆర్ మీద వంద దాటగానే డోర్ దగ్గర గాలి హోరు వినిపించిందని కొత్త అద్దానికి ఆర్డర్ పెట్టేసేవాళ్లున్నారు. అలాంటి చోట తప్పు చాలావరకు అద్దానిది కాదు, దాన్ని ఎక్కించి దించే మెషిన్‌దో, బీడింగ్‌దో. అందుకే కింద చెప్పిన వరుసలో చూసుకుంటూ వెళ్తే అనవసరంగా డబ్బు పోదు.

1. అద్దం ఏ రకమో ముందు తేల్చుకోండి

అద్దం కింది మూలలో చిన్న ముద్ర ఉంటుంది. అందులో "టెంపర్డ్" అనో "లామినేటెడ్" అనో చాలా కంపెనీలు రాస్తాయి. ముద్ర అర్థం కాకపోతే అద్దాన్ని సగం దించి పై అంచును మొబైల్ టార్చ్ వెలుగులో చూడండి. అంచు మధ్యలో సన్నని గీతలాంటి పొర కనిపిస్తే అది లామినేటెడ్, అంటే రెండు అద్దాల మధ్య ప్లాస్టిక్ పొర ఉన్నది. గీత లేకుండా ఒకే దిమ్మలా ఉంటే టెంపర్డ్. పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుని చూసినప్పుడు అద్దంలో వరుసగా మచ్చలు కనిపిస్తే అవి కూడా టెంపర్డ్‌కి గుర్తే. తయారీలో చల్లటి గాలి తగిలిన చోట్లవి.

ఈ తేడా ఎందుకంత ముఖ్యమంటే, టెంపర్డ్ అద్దాన్ని 600 డిగ్రీల సెల్సియస్ పైకి వేడి చేసి, రెండు వైపులా గాలి కొట్టి ఒక్కసారిగా చల్లారుస్తారు. పై పొరలు ముందు గట్టిపడతాయి, లోపలి భాగం ఆలస్యంగా చల్లారుతూ వాటిని లోనికి లాగుతుంది. దాంతో పై పొరలు ఎప్పుడూ నొక్కుకుని, లోపలి భాగం ఎప్పుడూ లాగుకుని ఉంటాయి. ఆ నొక్కుడు పొర ఒక్కో వైపు అద్దం మందంలో సుమారు ఐదో వంతు. 4 మి.మీ. అద్దమైతే ముప్పాతిక మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, అంతే. దెబ్బ ఆ పొర దాటి లోపలికి దిగిందా, బిగబట్టిన శక్తంతా ఒక్కసారిగా వదిలి అద్దం మొత్తం గింజలు గింజలుగా రాలిపోతుంది. రంధ్రం పెట్టలేకపోవడం, కోయలేకపోవడం, రెసిన్ పోసి అతికించలేకపోవడం అన్నిటికీ కారణం ఇదే.

దీన్నిబట్టి ఒక సంగతి తేలుతుంది. టెంపర్డ్ అద్దంలో పొడుగ్గా పాకిన చీలిక ఉండి, అద్దం ఇంకా నిలబడి ఉండటం జరగదు. మీ డోర్ అద్దంలో జానెడు చీలిక కనిపిస్తూ, అద్దం రాలకుండా ఉంటే మూడింటిలో ఒకటి అనుకోవాలి: అది లామినేటెడ్ అద్దం, లేదా చీలిక అనుకుంటున్నది లోతైన గీత, లేదా లోపల అంటించిన ఫిల్మ్ చిరిగింది. ఫిల్మ్ ఉన్న టెంపర్డ్ అద్దం పగిలితే సాలెగూడులా చిట్లి, ఫిల్మ్‌కి అంటుకుని అలాగే నిలబడుతుంది. అప్పుడు స్విచ్ జోలికి పోకండి. ఒక్క అంగుళం దించినా మొత్తం డోర్ లోపలికి కూలుతుంది.

ట్రాక్ కోసం చేసిన కొన్ని కార్లలో బరువు తగ్గించడానికి అద్దం బదులు ప్లాస్టిక్ వాడతారు. 2016 పోర్షే 911 ఆర్‌లో వెనక పక్క కిటికీలు, వెనక కిటికీ అలాంటివే. వాటికి ఈ గైడ్‌లోని అద్దం లెక్కలు పనికిరావు. వాటి జబ్బు గీతలు, మసక. అమోనియా ఉన్న క్లీనర్ తగిలించకుండా చూసుకోవడమే వాటికి పెద్ద వైద్యం.

2. అంచులు

నన్నడిగితే పరీక్షలో సగం సమయం ఇక్కడే పెట్టాలి. అద్దం మధ్యలో గట్టి దెబ్బకు కూడా తట్టుకునే టెంపర్డ్ అద్దం అంచు మీద చిన్న తాకుడుకే పోతుంది. ఫ్రేమ్ లేని డోర్లలో ఆ అంచు గాల్లో తెరుచుకుని ఉంటుంది. ఇరుకు సెల్లార్ పార్కింగ్‌లో డోర్ తెరిచినప్పుడు పై వెనక మూల పిల్లర్‌కో, పక్క బండికో తగలడం మామూలే. హ్యాండిల్ వదిలేసి అద్దం పట్టుకుని డోర్ లాగే అలవాటు ఉన్నవాళ్లు ఇంట్లో ఉంటే చెప్పక్కర్లేదు.

అద్దాన్ని కాస్త దించి, దూది ఉండను అంచు పొడవునా మెల్లగా జరపండి. వేలు పెట్టొద్దు, కోసుకుంటుంది. ఎక్కడైనా దూది పోగులు చిక్కుకుంటే అక్కడ పెచ్చు లేచిందన్నమాట. టార్చ్‌ను అంచుకు అడ్డంగా పెట్టి చూస్తే గవ్వ ఆకారంలో మెరుస్తుంది. పై అంచులోగానీ, మూలలోగానీ గోరు అంచు చిక్కేంత పెచ్చు ఉంటే అద్దం మార్చాల్సిందే. ఈరోజు ఏమీ కాకపోవచ్చు. ఎండలో ఉన్న కారులో ఏసీ ఫుల్‌గా పెట్టినప్పుడో, డోర్ గట్టిగా వేసినప్పుడో, అదీ నడిరోడ్డు మీద, పోతుంది.

కింది అంచు డోర్ లోపల ఉంటుంది కాబట్టి బయటికి కనిపించదు. వేరే పనికి డోర్ ప్యాడ్ (డోర్ లోపలి వైపు పలక) విప్పినప్పుడు మెకానిక్‌ని అడిగి చూడండి. కొన్ని కార్లలో అద్దానికి రంధ్రాలుండి, వాటిలో బోల్టులతో మెషిన్‌కి బిగిస్తారు. ఆ రంధ్రం చుట్టూ పెచ్చు లేచినా, బోల్టు కింద ప్లాస్టిక్ వాషర్ విరిగి లోహం నేరుగా అద్దాన్ని తాకుతున్నా ఆలస్యం చేయొద్దు. వాషర్ మాత్రమే పోయి అద్దం బాగుంటే వాషర్ మారిస్తే చాలు.

3. గీతలు, గుంటలు, మచ్చలు

అద్దాన్ని బాగా కడిగి ఆరబెట్టాకే ఇది చూడాలి. బోరు నీళ్లతో కడిగే ఇళ్లలో చాలాసార్లు "అద్దం పాడైంది" అనేది నిజానికి ఉప్పు మరక. తెల్ల వెనిగర్ తడిపిన గుడ్డ కాసేపు పెట్టి తుడిస్తే పోయేది పోతుంది. పెయింట్ మీద కారనివ్వకండి.

ఆ తర్వాత గోరు పరీక్ష. గీతకు అడ్డంగా గోరు జరిపినప్పుడు ఆగకపోతే అది పైపై గీత. సీరియం ఆక్సైడ్ పేస్టుతో పాలిష్ చేయించుకోవచ్చు, వదిలేసినా నష్టం లేదు. గోరు చిక్కుకుంటే పాలిష్‌తో పోదు. పోగొడతామని ఎవరైనా గట్టిగా రుద్దితే గీత పోయి దాని స్థానంలో పల్లం వస్తుంది. అందులోంచి చూస్తే పక్క లేన్‌లోని లారీ వంకరగా కనిపిస్తుంది. పైగా ఆ రుద్దుడంతా ఇందాక చెప్పిన సన్నటి నొక్కుడు పొరలోంచే పోతుంది. కాబట్టి లోతైన గీతకు పాలిష్ బేరం ఆడేవాళ్లను నేను నమ్మను.

గీత ఉన్నంత మాత్రాన అద్దం మార్చాలని లేదు. డ్రైవర్ సీట్లో మామూలుగా కూర్చుని సైడ్ మిర్రర్ వైపు చూడండి. మీ చూపు అద్దంలో ఏ భాగం గుండా వెళ్తుందో గుర్తుపెట్టుకోండి. ఆ భాగంలో లోతైన గీతలుంటే రాత్రి వెనక బండి లైటు పడినప్పుడు చెదిరి కళ్లలో కొడుతుంది. అది మార్చాల్సిన గీత. అదే గీత వెనక మూలలో ఉంటే అద్దం జీవితాంతం అలాగే ఉండనివ్వొచ్చు.

పై నుంచి కిందికి నిలువుగా సమాంతర గీతలు పడుతుంటే దోషి బయటి బీడింగ్‌లో ఇరుక్కున్న ఇసుక. అద్దం దించి ఎక్కించిన ప్రతిసారీ గీస్తూ ఉంటుంది. బీడింగ్ శుభ్రం చేయకుండా, లేదా మార్చకుండా కొత్త అద్దం వేస్తే కొన్నాళ్లకు అది కూడా అలాగే అవుతుంది.

వెల్డింగ్ షాపు పక్కనో, గ్రైండర్ ఆడుతున్న గేటు పక్కనో బండి నిలబెట్టారా? నిప్పురవ్వలు అద్దంలో కరిగి దిగి నల్లటి చుక్కలు చేస్తాయి. చేత్తో తడిమితే గరుకుగా తగులుతాయి. ఇవి తుడిస్తే పోవు. ఒకటి రెండైతే పర్వాలేదు. చూపు వెళ్లే భాగమంతా చల్లినట్టు ఉంటే మార్చడమే. టెంపర్డ్ అద్దం మీద రాయి చేసిన ఒక్క లోతైన గుంట, గోరు కొన దిగేంతది ఉన్నా అంతే.

4. తప్పు అద్దానిదా, మెషిన్‌దా

ఫ్రేమ్ లేని చాలా కార్లలో హ్యాండిల్ లాగగానే అద్దం సెంటీమీటరు అటూ ఇటూ కిందికి దిగుతుంది. డోర్ వేశాక మళ్లీ పైకి లేచి బీడింగ్‌లో కూర్చుంటుంది. మెల్లగా హ్యాండిల్ లాగి దీన్ని గమనించండి. దిగకుండా ఉంటే డోర్ తెరిచిన ప్రతిసారీ అద్దం పై అంచు బీడింగ్‌ని ఒరుసుకుంటూ బయటికి వస్తుంది. అద్దాలు పోయే దారుల్లో ఇదొకటి. బ్యాటరీ దిగిపోయినప్పుడూ ఇదే జరుగుతుంది, అప్పుడు డోర్‌ను ఊపుతో లాగకూడదు. డాలస్‌లోనో, షికాగోలోనో ఉన్న మనవాళ్లకైతే చలికాలం ఉదయాన మంచు పట్టి అద్దం బీడింగ్‌కి అతుక్కుపోతుంది. బలవంతం చేయకుండా ముందు కారు లోపల వేడెక్కనివ్వాలి.

బ్యాటరీ తీసి పెట్టాక ఈ దిగుడు ఆగిపోతే కంగారు పడకండి. అద్దం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో కంప్యూటర్ మర్చిపోయిందంతే. సాధారణంగా స్విచ్ పట్టుకుని పూర్తిగా దించి కొన్ని సెకన్లు అలాగే నొక్కి ఉంచి, తర్వాత పూర్తిగా ఎక్కించి మళ్లీ కొన్ని సెకన్లు పట్టుకుంటే గుర్తుకొస్తుంది. సరైన వరుస మీ కారు మాన్యువల్‌లో ఉంటుంది.

ఇక గాలి చప్పుడు సంగతి. ఒక పది రూపాయల నోటును అద్దానికీ బీడింగ్‌కీ మధ్య పెట్టి డోర్ వేసి, నోటును లాగండి. కాస్త బిగువుగా రావాలి. ముందు నుంచి వెనక వరకు నాలుగైదు చోట్ల ఇలా చేయండి. ఒకచోట బిగువు, ఇంకోచోట వదులు ఉంటే అద్దం వాలి కూర్చుంటోంది. మెషిన్ క్లిప్పు విరిగి ఉండొచ్చు, సర్దుబాటు తప్పి ఉండొచ్చు. అంతటా వదులుగా ఉంటే బీడింగ్ చచ్చిపోయింది. మన ఎండలకు రబ్బరు గట్టిపడటం కొత్తేమీ కాదు. ఎక్కేటప్పుడు టకటకమని చప్పుడు, ఒక మూల ముందు లేవడం, మధ్యలో ఆగి వెనక్కి దిగడం కూడా మెషిన్ లక్షణాలే. వీటిలో దేనికీ కొత్త అద్దం మందు కాదు.

అయితే ఒక మినహాయింపు ఉంది. ఇంతకుముందు ఎప్పుడో ఎవరో అద్దం మార్చి, ఆ తర్వాతే చప్పుడు మొదలైతే అద్దం వంపునే అనుమానించాలి. రెండు డోర్ల అద్దాల ముద్రలు పోల్చి చూడండి. కంపెనీ పేరు వేరుగా ఉందా? సర్దుబాటు ఎంత చేసినా ఒక మూల బీడింగ్‌కి ఆనడం లేదా? అయితే అద్దమే తేడా.

5. లామినేటెడ్ అయితే

అమెరికాలో 2011లో వచ్చిన ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 226 అనే వాహన భద్రతా నిబంధన ప్రకారం బండి పల్టీ కొట్టినప్పుడు లోపలివాళ్లు కిటికీలోంచి బయటికి పడకుండా చూడాలి. ఆ తర్వాత పక్క కిటికీల్లో లామినేటెడ్ వాడకం పెరిగింది. ఖరీదైన కార్లలో చప్పుడు తగ్గించడానికీ వేస్తారు. ఇందులో చీలిక పాకినా అద్దం రాలదు కాబట్టి "ఇంకొన్నాళ్లు నడుస్తుందిలే" అనిపిస్తుంది. కానీ డోర్ అద్దం రోజూ ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, డోర్ వేసిన ప్రతిసారీ అదురుతుంది. ముందు అద్దంలా జిగురుతో కదలకుండా అతికించి ఉండదు. చీలిక పాకడం ఖాయం. ఫ్రేమ్ లేని డోర్‌లో చీలిక పై అంచు దాకా వస్తే అక్కడి ముక్క బీడింగ్‌ని కోసేస్తుంది కూడా. చీలిక కనిపిస్తే మార్చండి.

అంచు చుట్టూ పాలలాంటి తెలుపు గానీ, లోపల బుడగలు గానీ కనిపిస్తే పొర విడిపోతోంది. చూపుకు అడ్డం రానంత వరకు తొందర లేదు.

మార్చేటప్పుడు లామినేటెడ్ స్థానంలో లామినేటెడే వేయించండి. చవగ్గా వస్తుందని టెంపర్డ్ వేస్తే మందం, బరువు, చప్పుడు అన్నీ మారతాయి. ఇంకో విషయం: ఆపదలో అద్దం పగలగొట్టడానికి కారులో సుత్తి పెట్టుకుంటారు కదా. అమెరికా వాహనదారుల సంఘం ఏఏఏ 2019లో ఆరు రకాల పరికరాలు పరీక్షిస్తే నాలుగు టెంపర్డ్ అద్దాన్ని పగలగొట్టాయి, లామినేటెడ్‌ను ఒక్కటీ పగలగొట్టలేకపోయింది. మీ డోర్లలో ఏది ఉందో ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

6. అద్దం రాలిపోయిందా? ఆ రోజు చేయాల్సినవి

ముందు ఫోటోలు, వీడియో. దొంగతనమైతే పోలీస్ ఫిర్యాదు, ఆ కాపీ ఇన్సూరెన్స్‌కి కావాలి. గ్లవ్స్ లేకుండా సీటు తుడవొద్దు. గింజలు మొద్దుగానే కనిపిస్తాయి గానీ వాటితో పాటు సూదుల్లాంటి పెచ్చులూ ఉంటాయి. స్విచ్ నొక్కొద్దు. డోర్ లోపల పడ్డ గింజలు కేబుల్ చక్రాల్లో ఇరుక్కుంటే మెషిన్ కూడా పోతుంది.

మందపాటి ప్లాస్టిక్ షీట్ కప్పి, లోపలి నుంచి టేపు వేయండి. ప్యాకింగ్ టేపును పెయింట్ మీద అంటించి ఎండలో పెడితే తీసేటప్పుడు జిగురు, ఒక్కోసారి పెయింట్ కూడా వచ్చేస్తుంది. అలా కప్పిన బండిని హైవే ఎక్కించకండి, బండిని పైకెక్కించుకుని తీసుకెళ్లే ఫ్లాట్‌బెడ్ ట్రక్కును పిలిపించండి.

7. అద్దం కొనేటప్పుడు

ఛాసిస్ నంబరు ఇచ్చి పార్ట్ నంబరు తీయించుకోండి. కూపేకీ కన్వర్టిబుల్‌కీ, అదే మోడల్‌లో టెంపర్డ్‌కీ లామినేటెడ్‌కీ అద్దాలు వేరుగా ఉండొచ్చు. ఫొటో చూపించి కొనే వ్యవహారం కాదిది. పూర్తిగా విదేశాల్లో తయారై వచ్చిన కార్లకు అద్దం స్టాకులో దొరకడం కష్టం. దిగుమతికి వారాలు పడుతుంది. అంచు పెచ్చు కనిపించిన రోజే ఆర్డర్ పెట్టమనేది అందుకే. రాలిపోయాక పెడితే ఆ వారాలన్నీ కారు కవర్ కిందే.

మామూలు కార్లకు బయటి కంపెనీ అద్దాలు వేయించుకోవడంలో తప్పు లేదు. ఫ్రేమ్ లేని డోర్‌కి మాత్రం కారు కంపెనీ ఇచ్చే అద్దమే తీసుకోమంటాను. వంపులో కాస్త తేడాకే ఇక్కడ శిక్ష పడుతుంది. యూరప్ అద్దాల ముద్రలో వృత్తం మధ్య ఇంగ్లిష్ E అక్షరం, పక్కన 43R ఉంటాయి. అమెరికావాటికి DOT నంబరు. భారత ప్రమాణం ఐఎస్ 2553. నల్లగా కనిపించే అద్దం కావాలని ముచ్చటపడకండి. కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 100వ నియమం ప్రకారం పక్క అద్దాల్లోంచి కనీసం 50 శాతం వెలుతురు రావాలి.

8. ఇన్సూరెన్స్ లెక్క

సమగ్ర పాలసీలో అద్దానికి తరుగుదల కోయరు. జీరో డెప్రిసియేషన్ (తరుగుదల కోయకుండా చూసే అదనపు కవర్) లేకపోయినా అద్దం ధరకు కోత ఉండదు. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలకు మాత్రం 50 శాతం కోస్తారు, బీడింగ్ అందులోకే వస్తుంది. 1500 సీసీ దాటిన కార్లకు తప్పనిసరిగా మనం భరించాల్సింది 2,000 రూపాయలు. అసలు నష్టం నో క్లెయిమ్ బోనస్ దగ్గర ఉంటుంది. ఐదేళ్లు క్లెయిమ్ లేకుండా ఉంటే సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియంలో 50 శాతం దాకా తగ్గింపు వస్తుంది. స్పోర్ట్స్ కారు ప్రీమియంలో అది పెద్ద మొత్తమే. అద్దం ఖర్చును వచ్చే ఏడాది పోయే బోనస్‌తో పక్కపక్కన పెట్టి చూసుకున్నాకే క్లెయిమ్ వేయండి. అద్దం క్లెయిమ్‌కి బోనస్ పోకుండా చూసే పాలసీలూ ఉన్నాయి, మీ కాగితాల్లో ఉందేమో వెతకండి. సర్వేయర్ చూడకముందు పాత అద్దం ముక్కలు పారేయొద్దు.

అమెరికాలో ఉన్నవారికి ఇది కాంప్రహెన్సివ్ కిందికి వస్తుంది. ఫ్లోరిడాలో అద్దానికి డిడక్టిబుల్ (మనం భరించాల్సిన వాటా) లేదని విని ధీమాగా ఉండకండి. ఆ మినహాయింపు ముందు అద్దానికే.

9. బండి తీసుకునే ముందు

షాపులోనే డోర్ తెరిచి వేసి చూడండి. లోపల గలగల వినిపిస్తే గింజలు తీయలేదు. ప్యాడ్ మళ్లీ విప్పించి వాక్యూమ్ పెట్టించండి. అవి డోర్ అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూసేస్తాయి. హ్యాండిల్ లాగితే అద్దం దిగుతోందా, వేస్తే లేస్తోందా చూసుకోండి. నోటు పరీక్ష మళ్లీ చేయండి, రెండో డోర్‌తో పోల్చండి. పైపు పెట్టి రూఫ్ అంచు మీద నీళ్లు మెల్లగా కారనిచ్చి, లోపల కూర్చుని టిష్యూ పేపర్‌తో బీడింగ్ కింద తడిమి చూడాలి. ప్రెషర్ వాషర్‌తో కొట్టి "కారుతోంది" అని గొడవపడటం న్యాయం కాదు, ఫ్రేమ్ లేని డోర్ బాగున్నప్పుడు కూడా దగ్గరి నుంచి కొట్టిన నీరు కొంచెం లోపలికి రావచ్చు.

ఒకటి మాత్రం మెకానిక్‌ని నోరు తెరిచి అడగాలి. డోర్ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ లేదా ఫోమ్ షీట్ ఒకటి జిగురుతో అంటించి ఉంటుంది. తీసినప్పుడు చింపి, మళ్లీ పెట్టకుండా ప్యాడ్ బిగించేసే వర్క్‌షాపులు తక్కువేమీ కాదు. కొన్ని కార్లలో సైడ్ ఎయిర్‌బ్యాగ్ సెన్సర్ డోర్ లోపలి గాలి ఒత్తిడి ఒక్కసారిగా పెరగడాన్ని బట్టి గుద్దుకున్నట్టు గ్రహిస్తుంది. షీట్‌కి కన్నం పడితే నీళ్లు రావడమే కాదు, ఆ సెన్సర్ లెక్క కూడా తప్పొచ్చు. ప్యాడ్ బిగించే ముందు షీట్ ఫోటో తీసి పంపమనండి, చాలామంది మొహమాటపడకుండా పంపుతారు.